తూకానికి వేసే ముందు ఆ సైకిలును చదవండి

గుమ్మఘట్ట చుట్టుపక్కల జూన్ మొదలుకొని ఆగస్టు వరకు వీచే పడమటి గాలి ఎలాంటిదో ఆ నేల మీద సైకిలు తొక్కినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మబ్బు వస్తుంది, గాలి వస్తుంది, వాన మాత్రం దారి తప్పి ఎటో వెళ్ళిపోతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల సగటు వర్షంతో బ్రతుకు వెళ్ళదీసే జిల్లా ఇది. వేరుశనగ విత్తనాల మూటను క్యారియరుకు కట్టుకొని, చెట్టూ చేమా లేని మైదానంలో గాలికి ఎదురుగా తొక్కే మనిషి తనకు తెలియకుండానే కొన్ని పనులు చేస్తాడు. తల వంచుతాడు. మోచేతులను పక్కటెముకలకు దగ్గరగా తెచ్చుకుంటాడు. రెపరెపలాడే లుంగీని పైకి మడిచి బిగిస్తాడు. ఈ మూడు పనుల వెనుక ఉన్న శాస్త్రాన్నే ఫ్రాన్సు దేశపు సైకిలు నిర్మాతలు దశాబ్దాల తరబడి శోధించారు. గాలిని చీల్చుకొని పోయేలా వారు తయారుచేసిన పందెపు సైకిళ్ళను నేడు ఎన్నో దేశాలలో అపురూపంగా సేకరిస్తున్నారు. ఆ సేకరణకర్తలు ఒక పాత సైకిలును గుర్తుపట్టే పద్ధతి మన అటకల మీద, పశువుల కొట్టాలలో దుమ్ము పట్టి ఉన్న సైకిళ్ళకు కూడా చక్కగా అన్వయిస్తుంది. వాటిని పాత ఇనుము కింద తూకానికి వేసే రోజులివి కనుక ఆ పద్ధతిని ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ముందుగా గాలి సంగతి. వేగం రెట్టింపయితే గాలి నిరోధం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. దాన్ని అధిగమించడానికి తొక్కేవాడు వెచ్చించవలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పాలక్యాను మోసుకుపోయేవాడికి ఈ లెక్క అంతగా పట్టదు. 40 కిలోమీటర్ల వేగంతో పోయే పందెగాడికి మాత్రం అతని శ్రమలో సింహభాగం గాలికే సమర్పణమవుతుంది. మరొక సంగతి కూడా ఉంది. గాలికి అడ్డుపడే దానిలో సైకిలు వాటా తక్కువ, దాని మీద కూర్చున్న మనిషి వాటా ఎక్కువ. మనిషి భంగిమను మార్చకుండా సైకిలును మాత్రమే సన్నగా చేస్తే దక్కే లాభం కొంతే. ఈ రహస్యం తెలిసిన తరువాతే అసలైన పోటీ మొదలయింది.

1913లో ఎతియెన్ బ్యునో-వారియా అనే ఫ్రెంచి నిర్మాత సైకిలుకు చేప ఆకారంలో ఒక తొడుగు వేశాడు. చూడడానికి టార్పెడోలా ఉండేది కనుక దానికి ఆ పేరే వచ్చింది. మార్సెల్ బెర్తె అనే పందెగాడు దానిని తొక్కి వేగంలో కొత్త హద్దులు చూపాడు. అదే బెర్తె ఇరవై ఏళ్ళ తరువాత, 1933లో, మరొక తొడుగు సైకిలు మీద ఒక్క గంటలో 50 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం వెళ్ళాడు. అదే ఏడాది జూలై 7న ఫ్రాంసిస్ ఫోర్ అనే సాధారణ స్థాయి పందెగాడు, షార్ల్ మోషే తయారుచేసిన వెలోకార్ మీద వెనక్కు వాలి పడుకున్నట్లు కూర్చొని, గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. అంతకుముందు 1914 నుంచి చెక్కుచెదరని రికార్డు 44.247 కిలోమీటర్లు. పందొమ్మిదేళ్ళపాటు మహామహులు చేయలేని పనిని ఒక మామూలు ఆటగాడు కూర్చునే తీరు మార్చుకొని చేసేశాడన్నమాట.

ఫలితం ఏమిటో ఊహించవచ్చు. 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం సైకిలు అంటే ఏమిటో నిర్వచించి, పడుకొని తొక్కే వాటినీ, గాలి తొడుగులు ఉన్న వాటినీ పందెం నుంచి బహిష్కరించింది. ఆటలో మనిషి బలం గెలవాలా, యంత్రం తెలివి గెలవాలా అనే తగవు అది. సంఘం వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఆ నిర్ణయం వల్ల సైకిలు ఆకారం దశాబ్దాలపాటు ఉన్నచోటే నిలిచిపోయిందనడం కూడా నిజమే.

గాలి మీద ధ్యాస 1970ల చివర మళ్ళీ వచ్చింది. ఈసారి నిబంధనల లోపలే, మనకు అలవాటైన ఫ్రేము ఆకారాన్ని వదలకుండా వచ్చింది. కార్ల తయారీకి పేరుపొందిన రెనో సంస్థ చేతికి జితాన్ అనే సైకిలు కంపెనీ వచ్చింది. కార్లను పరీక్షించే గాలి సొరంగాల విద్య సైకిలుకు అందింది. జితాన్ డెల్టా అలా పుట్టింది. దాని గొట్టాలు గుండ్రంగా కాక, ముందు మొద్దుగా, వెనుక సన్నగా, నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి. ఆ జట్టులోని బెర్నార్ ఇనో ఫ్రాన్సు మహా సైకిలు పందేన్ని మొత్తం ఐదుసార్లు గెలిచినవాడు. నేడు సేకరణకర్తలు వెదికే ఫ్రెంచి గాలి సైకిళ్ళలో ఎక్కువ భాగం ఈ కాలానివే, అంటే 1970ల చివరి నుంచి 1980ల మధ్య వరకు.

రంగు అబద్ధమాడుతుంది, మర ఆడదు

ఏ వస్తువుకైనా గిరాకీ పెరిగితే నకిలీ పుడుతుంది. ఒక సాదా ఫ్రేముకు కొత్త రంగు పూసి, పెద్ద కంపెనీ పేరున్న స్టిక్కరు అతికిస్తే చాలు, చూసేవాడి కళ్ళు చెదురుతాయి. అందుచేత అనుభవం కలిగిన సేకరణకర్త పేరును చివర చదువుతాడు. ముందుగా చదివేది లోహాన్ని.

ఫ్రెంచి సైకిళ్ళ విషయంలో ఆ చదువు ప్రత్యేకంగా సాగుతుంది. ఇంగ్లండు అంగుళాలలో కొలిచిన కాలంలో ఫ్రాన్సు మిల్లీమీటర్లలో కొలిచింది. ఇంగ్లీషు ఫ్రేములో సీటు కింది గొట్టం వ్యాసం 28.6 మిల్లీమీటర్లు అయితే ఫ్రెంచి దానిలో సరిగ్గా 28. పై గొట్టం ఇంగ్లీషులో 25.4, ఫ్రెంచిలో 26. హ్యాండిలు దిగే కాడ ఇంగ్లీషులో 22.2, ఫ్రెంచిలో 22. కంటికి ఈ తేడా కనిపించదు. వెర్నియర్ కాలిపర్‌కు కనిపిస్తుంది. పెడలు మర ఇంగ్లీషులో అంగుళంలో పదహారింట తొమ్మిది వంతులు, ఫ్రెంచిలో 14 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు పెడలును ఫ్రెంచి క్రాంకులోకి బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. తెలియక తిప్పినవారి వల్ల ఎన్నో మంచి క్రాంకులు చెడిపోయాయి.

అన్నిటికంటే ఆసక్తికరమైనది పెడళ్ళ ఇరుసు తిరిగే గుండ్రని పెట్టె. మన మిస్త్రీలకు ఇక్కడ ఒక సంగతి బాగా తెలుసు. కుడివైపు కప్పును విప్పాలంటే మామూలు మర విప్పినట్లు కాక ఎదురు తిప్పాలి. తొక్కే ఒత్తిడికి అది తనంతట తాను వదులు కాకుండా ఇంగ్లీషువారు పెట్టిన ఏర్పాటు అది. ఫ్రెంచివారు మాత్రం రెండు వైపులా మామూలు మరే పెట్టారు. ఆ కారణంగా వారి సైకిళ్ళలో కుడి కప్పు వదులయ్యే జబ్బు ఉండేది. ఇంజినీరింగు దృష్టితో చూస్తే ఇది లోపమే. గుర్తుపట్టేవాడికి మాత్రం ఇంతకంటే నమ్మకమైన పుట్టుమచ్చ లేదు.

గాలి సైకిళ్ళ దగ్గర ఒక చిక్కు వస్తుంది. గొట్టం గుండ్రంగా లేనప్పుడు వ్యాసం కొలవడం కుదరదు. కొలబద్ద పనిచేయని ఆ చోట మరలు, కాడ, వెనుక చక్రం ఇరుసు కూర్చునే రేకు ముక్కలు సాక్ష్యమిస్తాయి. ఆ ముక్కల మీద సింప్లెక్స్, యురే, కాంపన్యోలో వంటి తయారీదారుల పేర్లు అచ్చొత్తి ఉండేవి. ఆ మీదట భాగాల వంతు. ఇటలీకి చెందిన కాంపన్యోలో వెనుక గేర్ల మీద పేటెంటు అన్న మాట పక్కన సంవత్సరపు చివరి రెండంకెలు ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త అవసరం. 78 అని ఉన్నంత మాత్రాన సైకిలు 1978లో పుట్టిందని కాదు. ఆ భాగం అంతకంటే ముందు పుట్టలేదని మాత్రమే తేలుతుంది. భాగాలు మారుతూ ఉంటాయి, దుకాణంలో నిలవ ఉండి ఆలస్యంగా బిగించబడతాయి. 1980లు వచ్చేసరికి ఫ్రెంచి కంపెనీలే తమ పాత మరలను వదిలి ఇంగ్లీషు, ఇటలీ మరలకు మళ్ళాయి. కనుక ఇంగ్లీషు మర కనబడగానే నకిలీ అని త్రోసివేయడం కూడా తొందరపాటే. ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకూడదు. నాలుగు ఆనవాళ్ళు ఒకే మాట చెబితే నమ్మవచ్చు.

ఇక మన ఇంటి సైకిలు

గుమ్మఘట్ట కొట్టాలలో జితాన్ డెల్టా దొరుకుతుందని ఎవరూ ఆశ పెట్టుకోనవసరం లేదు. ఇక్కడ దొరికేవి 28 అంగుళాల చక్రాలతో, రాడ్ బ్రేకులతో, ఇరవై కిలోలకు అటూ ఇటూ బరువు తూగే నల్లని సైకిళ్ళు. స్వాతంత్ర్యానికి పూర్వం వచ్చినవి చాలావరకు ఇంగ్లండు సరుకు. నాటింగ్‌హామ్‌కు చెందిన ర్యాలీ, బర్మింగ్‌హామ్‌కు చెందిన హెర్క్యులిస్, బి.ఎస్.ఎ., ఫిలిప్స్, వాటితోపాటు హంబర్, రడ్జ్ అలా వచ్చినవే. స్వాతంత్ర్యానంతరం ఆ పేర్లే భారతీయ కర్మాగారాలలోకి వచ్చాయి. మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ సంస్థ హెర్క్యులిస్ సైకిళ్ళను, బెంగాలులోని అసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ సంస్థ ర్యాలీ సైకిళ్ళను 1950ల ఆరంభం నుంచి తయారుచేశాయి. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. కనుక “మా తాతగారిది ర్యాలీ” అనగానే అది ఇంగ్లండుదో బెంగాలుదో తేలదు. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

హ్యాండిలు కింద ముందు గొట్టం మీద ఉండే లోహపు బిళ్ళతో ప్రారంభించండి. ర్యాలీ బిళ్ళ మీద కొంగ తల, బి.ఎస్.ఎ. బిళ్ళ మీద ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు కనిపిస్తాయి. సైకిలు మీద తుపాకులేమిటని పిల్లలు అడుగుతారు. ఆ కంపెనీ మొదట తుపాకుల తయారీదారు, పేరులోని అక్షరాలు బర్మింగ్‌హామ్ చిన్న ఆయుధాల కంపెనీ అనే అర్థానివే. బిళ్ళ అడుగున చిన్న అక్షరాలలో ఊరి పేరు ఉందేమో చూడండి. నాటింగ్‌హామ్ అని ఉంటే ఒక కథ, ఇండియాలో తయారైనదని ఉంటే మరొక కథ.

బిళ్ళ ఊడిపోయిందా? పెడలు దగ్గర ఉన్న పెద్ద పళ్ళచక్రం వైపు తిరగండి. పాత ఇంగ్లీషు కంపెనీలు తమ గుర్తును ఆ చక్రం ఆకుల మధ్యనే కోసేవి. ర్యాలీలో కొంగ తలలు, రడ్జ్‌లో అరచేయి, హంబర్‌లో గుండ్రంగా నిలిచిన చిన్న చిన్న మనిషి బొమ్మలు, బి.ఎస్.ఎ.లో ఆ మూడు అక్షరాలే ఉంటాయి. హంబర్‌కు ఇంకొక ఆనవాలు ఉంది. ముందు ఫోర్కుకు ఒక్కొక్క వైపున ఒకటి కాక రెండేసి కాళ్ళు ఉంటాయి. దూరం నుంచే పట్టేయవచ్చు. అయితే హంబర్‌ను 1932లోను, రడ్జ్‌ను 1943లోను ర్యాలీ సంస్థే కొనుగోలు చేసింది కనుక ఆ తరువాతి కాలపు సైకిళ్ళలో ఒకరి భాగాలు మరొకరి సైకిలులో కనిపించినా ఆశ్చర్యం లేదు. అదిగాక మన ఊళ్ళలో పళ్ళచక్రం అరిగితే దొరికినది బిగించడమే రివాజు.

ఇక నంబరు. సాధారణంగా సీటు గొట్టం పైభాగాన ఉన్న అతుకు మీదనో, పెడళ్ళ పెట్టె అడుగుననో అచ్చొత్తి ఉంటుంది. వెనుక చక్రం మధ్యలో స్టర్మీ-ఆర్చర్ అనే పేరు ఉంటే మీ అదృష్టం. ఆ మూడు గేర్ల హబ్బు మీద తయారైన సంవత్సరపు రెండంకెలు, చాలావాటిలో పక్కనే నెల కూడా, చెక్కి ఉంటాయి. సీటు తోలుదైతే దాని పక్కన బ్రూక్స్ ముద్ర ఉందేమో వెదకండి.

మరొక ఆధారం కూడా మనకు ఉంది. ఒకప్పుడు పురపాలక సంఘాలు, పంచాయతీలు సైకిలుకు పన్ను వసూలు చేసి, ఒక చిన్న లోహపు లైసెన్సు బిళ్ళ ఇచ్చేవి. ఏటేటా మారే ఆ బిళ్ళ ఏ మూలో, ఏ డబ్బాలోనో మిగిలి ఉంటే ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో సైకిలు తిరిగిందో చెబుతుంది. రెండో ఆధారం ఇంటి పెద్దల జ్ఞాపకం. ఒక తరంలో పెళ్ళికొడుకుకు సైకిలు, చేతి గడియారం, రేడియో ఇవ్వడం ఊళ్ళలో రివాజుగా ఉండేది. అడిగి పుచ్చుకున్న ఆ కట్నాలను మెచ్చుకోవలసిన పని లేదు గానీ, నికాహ్‌నామా మీది తేదీ సైకిలు కొన్న తేదీకి దగ్గర సాక్ష్యమని మాత్రం ఒప్పుకోవాలి. నానీని అడగండి. నంబరు గుర్తుండకపోవచ్చు, ఏ ఊరి షాపులో కొన్నారో, ఎవరు తొక్కుకుంటూ తెచ్చారో చెప్పగలదు.

ఇంకొక సాక్షి మిస్త్రీ. రాయలసీమ పట్టణాలలో సైకిలు షాపు అనగానే చాలామందికి ఒక ముస్లిం మిస్త్రీ గుర్తుకు వస్తాడు. గంటల లెక్కన అద్దె సైకిళ్ళు తిప్పి, పంక్చర్లు వేసి, చక్రాల బెండు తీసి ఇల్లు నడిపిన కుటుంబాలు మనలో తక్కువేమీ కావు. సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్నంతకాలం పంక్చరుకు కొదవ లేదని వారు నవ్వుతూ అనడం కద్దు. పొట్టి కాళ్ళ పిల్లలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ సైకిలు నేర్చుకున్నది ఆ అద్దె సైకిళ్ళ మీదే. ఏ కంపెనీ కప్పు ఏ ఇరుసుకు సరిపోతుందో, ఏ సంవత్సరం నుంచి రిమ్ము రేకు పలుచనయిందో ఆ చేతులకు తెలుసు. ఫ్రాన్సులో సాంత్-ఎతియెన్ నగరం ఇలాంటి విద్యను మ్యూజియంలో భద్రపరచుకున్నది. మన దగ్గర అది వృద్ధులైన మిస్త్రీల నోటనే ఉంది. వారి కొడుకులు మోటారుసైకిళ్ళకు, సెల్‌ఫోన్లకు మళ్ళారు. అందులో తప్పేమీ లేదు. ఒక నోటుపుస్తకం పట్టుకొని ఆ పెద్దల పక్కన ఒక సాయంత్రం కూర్చునే మనుమడు కావాలి, అంతే.

కరవు నేల చేసిన మేలు

అనంతపురం పీఠభూమి పొడి గాలి పంటకు శత్రువే గానీ ఉక్కుకు స్నేహితుడు. సముద్రతీరపు ఉప్పుగాలి గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఇక్కడ ముప్పై ఏళ్ళు గోడకు ఆనించి వదిలేసిన ఫ్రేము మీద కూడా తుప్పు తరచుగా పైపైనే ఉంటుంది. తోలు సీటు మాత్రం ఎండకు బీటలు వారుతుంది, రబ్బరు పెళుసవుతుంది. వాటిని మార్చుకోవచ్చు, ఫ్రేము దొరకదు.

శుభ్రం చేయదలచినవారు ముందుగా చింతపండును దూరంగా పెట్టండి. ఇత్తడి బిందెకు అది మంచిదే, ముందు బిళ్ళకు మాత్రం కాదు. అందులోని పులుపు బిళ్ళ మీది రంగును కూడా ఎత్తుకుపోతుంది. కిరోసిన్‌లో తడిపిన మెత్తని గుడ్డ చాలు. ఉప్పుకాగితంతో రుద్దడం, కొత్త రంగు వేయించడం చేయకండి. మడ్‌గార్డు మీద చేత్తో రాయించిన యజమాని పేరు, పాత అద్దె షాపు అంకె, అరిగిన బంగారు గీతలు, ఇవన్నీ సాక్ష్యాలే. కొత్త రంగు కింద అవి శాశ్వతంగా మాయమవుతాయి.

ధర గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. భారతదేశంలో లక్షల సంఖ్యలో తయారైన సైకిలు ఎంత పాతదైనా పెద్ద ధర పలకదు. ఇంగ్లండు నుంచి వచ్చి, అసలు భాగాలతో మిగిలినది అయితే సంగతి వేరు. తూకానికి వేస్తే రెంటికీ అవే కొన్ని వందల రూపాయలు. అమ్మదలచినవారు ఏ భాగం అసలుది, ఏది తరువాత మార్చినది అనే జాబితా రాసి కొనేవారి చేతికివ్వాలి. దోషం దాచి అమ్మడం తప్పని మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. పాత వస్తువుల విషయంలో అది మరీ ముఖ్యం, ఎందుకంటే కొనేవాడు ఇనుముకు కాదు, మన మాటకు డబ్బు ఇస్తున్నాడు. అమ్మే ఉద్దేశం లేనివారు కూడా ఆ జాబితా రాసి, ఒక ఫోటో తీసి, ఇంటి కాగితాలతో పాటు ఉంచితే రేపటి తరం అడిగే ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

నంబరు తుప్పులో కలిసిపోయి కనిపించకపోతే కిరోసిన్‌తో తుడిచి ఆరనివ్వండి. దాని మీద పలుచని కాగితం పరచి, పెన్సిలు ములుకును అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దండి. చాలాసార్లు కంటికి అందని అంకెలు కాగితం మీద తేలతాయి. సుద్దముక్క పొడి రాసి తుడిచినా గుంటలలో తెలుపు నిలిచి అంకెలు బయటపడతాయి. పగటి వెలుగులో కాక, చీకటి గదిలో టార్చిలైటును పక్క నుంచి వేసి చూస్తే మరీ స్పష్టంగా కనిపిస్తాయి.